హిజ్కియా సొరంగం కాడ దాచిన మాట

బోధన్‌ల మా చర్చి నుంచి ఇరవై మందిమి యెరూషలేము యాత్రకు పోయినం. నేను బడిల తెలుగు సారును, చర్చి కమిటీకి కార్యదర్శిని. ఇంగ్లీషు ఎంతోకొంత వస్తదని నన్నే పెద్దను చేసిండ్రు. వద్దన్న, ఎవ్వరూ వినలే. పాస్‌పోర్టులు, బీపీ గోలీలు, కిటికీ సీటు పంచాయితీలు, అన్నీ నా మీదనే. స్నానం చేస్తున్నా తలుపు కొట్టి పిలిచేటోళ్లు.

హిజ్కియా రాజు తవ్వించిన సొరంగం కాడ గైడు రెండు మాటలు చెప్పిండు. శత్రువులు చుట్టుముట్టినా పట్నానికి నీళ్లు అందాలని రాజు కొండను తవ్వించిండట. రెండు దిక్కుల నుంచి తవ్వుకుంట వచ్చినోళ్లు ఒకరి గొంతు ఒకరు విని నడుమ కలిసిండ్రట. ఇది మొదటి మాట. ఇరుకంటే భయమున్నోళ్లు పక్కన నీళ్లు లేని దారిల పోవచ్చు, ఈ నీళ్లల్ల దిగితే మాత్రం వెనుకకు మళ్లే వీలుండదు. ఇది రెండోది.

మొదటిది తెలుగుల మంచిగ చెప్పిన. రెండోది చెప్పలే. ఇరుకంటే భయం నాకే. నిజామాబాద్ దవాఖానకు పోయినా లిఫ్టు ఎక్కను, మెట్లెక్కి పోత. పెద్దమనిషే పక్కదారి పట్టిండని అనుకుంటరేమో అని సిగ్గయింది.

దిగినం. మోకాళ్ల దాకా సల్లటి నీళ్లు. భుజాలు రెండు గోడలకు రాసుకుంటున్నయి. కొన్ని చోట్ల తల వంచనిదే నడవరాదు. టార్చి పట్టుకొని ముందట నేను. నా వెనుక, మాతోని వచ్చిన ముసలామె, అందరం నవీపేట్ అవ్వ అని పిలిచేది, ఆమె వెనుక మిగిలినోళ్లు వరుసగ. కొంత దూరం పోయినంక నా కాళ్లు ఆగిపోయినయి. ఊపిరి అందుతలేదు. ముందట చీకటి, వెనుక పందొమ్మిది మంది.

ఏమైంది సార్ అని వెనుకోళ్లు అడిగిండ్రు. టార్చి ఆరిపోయేటట్టుంది, చూస్తున్న అని అబద్ధమాడిన.

అవ్వ నా వీపు మీద చెయ్యి వేసింది. ఆమె, ఆమె పెనిమిటి బావులు తవ్వి బతికినోళ్లు. పూడిక తీసేతందుకు ఎన్ని బావులల్ల దిగిందో ఆమెకే తెల్వదు. ఆ సల్లటి నీళ్లల్ల గూడ నా అంగి చెమటతోని తడిసిందని ఆమె చేతికి తెలిసింది.

"భయమైతుందా బిడ్డా?" అని మెల్లగ అడిగింది.

"అయితుందవ్వా. నువ్వు ముందటికి రా."

"యాడికెల్లి రావాలె? జాగ యాడుంది? నువ్వే నడువాలె. ముందుగాల గా ముచ్చట ఎనుకోళ్లకు సెప్పు. సెప్పకుంట నిలవడితే ఆళ్లకు ఇంకింత భయమైతది."

నాకు భయమైంది, అందుకే ఆగిన, దారి మంచిగనే ఉన్నదని గట్టిగ చెప్పిన. తర్వాత అందరికన్న వెనుక నుంచి, మా ఊరి నర్సమ్మ, తనకు కూడా ఊపిరాడుతలేదని చెప్పింది. అప్పటిదాకా ఆమె ఒక్కతే ఓర్చుకున్నది.

అవ్వ నా అంగి పట్టుకున్నది. పైకి చూడొద్దు, గోడ మీది చెయ్యి తియ్యొద్దు, అడుగడుక్కు మాట్లాడుమన్నది. ఈడ తల వంచుండ్రి, ఈడ రాయి ఉన్నది అనుకుంట నడిచిన. ఆ మాటను ఒకరికొకరు నర్సమ్మ దాకా అందించిండ్రు. వెలుతురు కనబడేదాకా నేను ఏడుస్తనే ఉన్న. చీకట్ల ఎవ్వరికీ కనబడలే.

సొరంగం బయటికి తేలే సిలోయము కోనేటి మెట్ల మీద కూసున్నంక, దాచిన మాట అందరికీ చెప్పిన. నర్సమ్మ నా దిక్కు తిరిగింది.

"మీకు భయమైతే తప్పు కాదు సార్. ఏ దారిన పోవాల్నో మేము తేల్చుకోవాల్సిన మాట. అది మమ్ముల అడగకుంట మీరే తేల్చిండ్రు."

హైదరాబాద్‌ల విమానం దిగేదాకా ఆమె నాతోని మాట్లాడలే.

ఊరికి వచ్చినంక ఆదివారం నాడు, హిజ్కియా రాజు దగ్గర నాయకులు నేర్చుకునేది ఏమిటో మాట్లాడుమన్నరు. రాసుకున్నది పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పిన. నన్ను కమిటీల నుంచి తీసెయ్యుమని అడిగిన. పెద్దలు మాట్లాడుకొని, తప్పు ఒప్పుకున్నోడే కావాలె అని మళ్ల నన్నే ఉంచిండ్రు. అవ్వను కూడా కమిటీల పెడితేనే ఉంట అన్న. సరే అన్నరు.

అవ్వ కమిటీకి వస్తున్నది. నర్సమ్మ చర్చిల ఎదురైతే వందనాలు చెప్తది, ఆగదు.