అందరం అమ్మ అనే పెట్టినం

మా అమ్మకు స్టీలు గిన్నెలంటే పానం. ముగ్గురు బిడ్డల పెండ్లిళ్లకు ఒక్క తీరు గిన్నెలే కొన్నది, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ అనే మాట రావద్దని. రాయచూరు బజార్ల గిన్నెల దుకాణం ముందర పేర్లు కొట్టేటాయన కూసుంటుండె. "ఏం పేరు రాయాలమ్మా" అని అడిగిండు. మా అమ్మకు చదువు రాదు. "పేర్లొద్దు నాయనా. పెద్దదానికి ఒక చుక్క, నడిపిదానికి రెండు, చిన్నదానికి మూడు కొట్టు. నేను చీకట్ల తడిమినా తెల్వాలె" అన్నది. దేవసూగూరు జాతరల అందరం కలిసి వండుకున్నా, తోమినంక ఎవరి గిన్నె వాళ్ల సంచిలకే పోతుండె.

అమ్మ పోయే ముందటి ఎండకాలం చంద్రబండకు పోయిన. అక్కడ మా చిన్నచెల్లె ఇంట్ల ఉండె అమ్మ. పొయ్యి ముంగట కూసోని జొన్నరొట్టె కొడుతుంటే ఊరికే ఫోన్ల రికార్డు ఒత్తి పక్కన పెట్టిన. పెద్ద మాటలేం లేవు దాంట్ల. చేతి చప్పుడు, గాజుల చప్పుడు, నడుమ నడుమ దగ్గు. కడాకు, "పెద్దబిడ్డా, ఏడున్నవే, రొట్టె ఆరిపోతది, వచ్చి కూసో" అని పిలిచింది. అంతే.

అమ్మ పోయినంక నా పగటి తిండికి అదే తోడు. మాది స్టేషన్ దిక్కు కిరాణం దుకాణం. మధ్యాహ్నం బేరం సల్లబడి మా ఆయన కునుకు తీస్తుంటే, పళ్లెం ముందర పెట్టుకోని ఆ రికార్డు పెట్టుకుంటుంటి. "వచ్చి కూసో" అనంగనే మొదటి తునక తుంచుతుంటి. మా ఆయన కండ్లు మూసుకోనే "పిలిచిందా అత్త?" అంటుండె. "పిలిచింది" అంటుంటి.

ఇంతల నా ఫోను నిండిపోయింది. ఏది ఒత్తినా జాగ లేదనవట్టె. మా బిడ్డ ఊర్లనే ఒక ఆఫీసుల కంప్యూటర్ పని చేస్తది. "అన్నీ క్లౌడ్‌ల పెడతమ్మా. చిన్నమ్మలిద్దరు గూడ పెట్టుకునేటట్టు చేస్త. అమ్మమ్మవి ఎవరి తాన ఏమున్నా ఒక్క కాడ ఉంటయి" అన్నది. క్లౌడ్ అంటే మబ్బట. రాయచూరుల మబ్బును నమ్మి ఎవరన్న విత్తనం వేస్తరా అని నవ్విన.

"నవ్వకు. దీనికి పేరేం పెట్టాలె?"

"అమ్మ అని పెట్టు."

ఇంకేం పెడతం? మా ఇండ్లల్ల పెద్దోళ్ల పేరు నోటితోని గూడ పలకం, ఇంక రాస్తమా? అట్లనే పెట్టి, నా ఫోన్ల నుంచి తీసేసింది. తర్వాత హట్టిల ఉండే నడిపి చెల్లె తన దగ్గరున్నది పెట్టింది. ఆమె మొగుడు బంగారు గనిల షిఫ్టుకు పోతడు, ఇంట్ల అడిగేటందుకు మనిషి లేడు, తనే పెట్టుకుంది. ఏం పేరు? అమ్మ. అదే పొద్దు చంద్రబండ చెల్లె గూడ పెట్టింది. ఆమెదీ అమ్మనే.

ఒకనాడు ఎప్పటిలెక్క పళ్లెం పెట్టుకోని ఒత్తిన. అమ్మ గొంతే. రొట్టె చప్పుడు మాత్రం లేదు. "చిన్నదానా, ఈ ఆకుల పురుగుంది సూడు" అంటుంది. నా చేయి పళ్లెంలనే ఆగిపోయింది. మా అమ్మనే, నన్ను పిలుస్తలేదు.

నడిపిదానికి ఫోన్ చేసిన. "ఏందే, నా అమ్మ ఏది?"

"నీ అమ్మ సంగతి నాకేం తెలుసక్కా, నా అమ్మ గూడ కనబడ్తలేదు. నా ఫోన్ల ఇంకోటి ఉంది గనక సరిపోయింది."

"పెట్టేటప్పుడు అదేమన్న అడిగిందా?"

"ఇంగ్లీషుల ఏదో అడిగింది. రెండు బటన్లుండె. మీదిది ఒత్తిన."

"మీదిదే ఎందుకు ఒత్తినవే?"

"కిందిది ఒత్తాలని నువ్వన్న చెప్పినవా?"

ఫోను పెట్టేసి బిడ్డకు చేసిన.

సాయంత్రం బిడ్డ వచ్చి చూసింది. ఒకే పేరుతోటి ఇంకోటి వస్తే, పాతదాని జాగల కొత్తది కూసుంటదట. "పాతది తీసెయ్యాల్నా, రెండూ ఉంచాల్నా అని అడుగుతదమ్మా. చిన్నమ్మలు తీసెయ్యమన్నరు, తెల్వక. పాతవాటిని దాచిపెట్టే ఏర్పాటు ఒకటుంటది, నేనది పెట్టలే." తీసేసినవి పడే కాడ వెతికింది. నా ఫోన్ల వెతికింది. దొరకలే. ఆ పిల్ల మొఖం చూడలేక, "ముందు తిను" అని అన్నం పెట్టిన. తిన్నంక గిన్నె మూత చేతిల పట్టుకోని, వేలితోటి చుక్కను తడుముకుంట కూసుంది. "అమ్మమ్మ గుర్తు పెట్టింది, నేను పెట్టలే" అన్నది.

ఆ పొద్దే క్లౌడ్‌ల మూడిండ్లకు మూడు అరలు చేసింది. ఎవరేం పెట్టినా, పేరు వెనుక పెట్టిన దినం, గంట దానంతటదే చేరేటట్టు చేసింది. పాతవి పోకుండ దాచే ఏర్పాటు గూడ పెట్టింది. ఇంక ఎవరు ఏ బటన్ ఒత్తినా ఒకరిది ఒకరిమీద పడదు. నడిపిది తనది మళ్ల పెట్టుకుంది. నా అర ఖాళీగనే ఉంది.

చాన దినాలు ఊరికే తిన్న. మా ఆయన గూడ ఏం అడగలే. ఒకనాడు ఉండబట్టలేక, గొంతన్నా వినొచ్చని చిన్నదాని రికార్డే పెట్టుకున్న. అప్పటిదాక దాన్ని కడదాక విననే లేదు. అమ్మ, చెల్లె పుంటికూర ఏరుతుంటరు. ఆకు తెంపే చప్పుడు. చానసేపు మాటలుండయి. ఏడనో మేక అరుస్తది. కడాకు అమ్మ, "పెద్దది ఫోన్ చేసిందా?" అన్నది.

"నిన్న చేసె గదా."

"ఇయ్యాల?"

"ఇయ్యాల చేయలే. దుకాణంల ఉంటది."

"తిన్నదో లేదో" అన్నది అమ్మ. అక్కడికి అయిపోయింది.

బిడ్డకు చెప్తే సంబరపడి, "ఆ ముక్క ఒక్కటి కత్తిరించి నీ అరల పెడత. రోజూ అంతసేపు వినే పని లేదు" అన్నది. వద్దన్న. మొత్తం ఉండనీ అన్న.

ఇప్పుడు మధ్యాహ్నం అదే పెట్టుకుంట. అమ్మ ఆకు ఏరుకుంటనే ఉంటది, చెల్లెతోనే మాట్లాడ్తది. నేను రొట్టె తుంచకుండ కూసుంట. మా ఆయన కండ్లు తెరవకుండనే, "అడిగిందా?" అంటడు.

"ఇంకా లే. ఆకు ఏరుతుంది" అంట.