దఫేదార్ సాయన్న ఇంటి కప్పు

ఎండాకాలం వస్తే మా కోడలు గోనె సంచి తడిపి కిటికీకి వేలాడదీస్తుంది. గాలి దాని మీదుగా చల్లగా లోపలికి వస్తుంది. ఇంట్లో వాళ్లందరికీ అది చల్లదనం. నాకు మాత్రం ఆ తడి జనుము వాసన ముక్కుకు తగలగానే చేతులు పనికి సిద్ధమవుతాయి. మంట మీద తడి గోనె వేసి అదిమినప్పుడు పొగతో కలిసి లేచే వాసన అదే. ఆ వాసనతో పాటు ఒక గొంతు కూడా వినిపిస్తుంది. "ఉరుకకుండ్రి, నడువుండ్రి. ఉరికెటోడు డబ్బల నీళ్లు పారవోస్తడు." అది దఫేదార్ సాయన్న గొంతు. ఆయనను చూడనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సాయన్న మా బాన్సువాడ మనిషే. వయసులో ఉండగా హైదరాబాదు వెళ్లి నిజాం సర్కారు గుర్రపు దళంలో చేరి, దఫేదారు హోదాతో ఇంటికి తిరిగి వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లటి మీసాలు, ఎంత ఎండలోనైనా తలకు రుమాలు. గుర్రాల లాయాలలో గడ్డి గుట్టలుగా ఉంటుంది కాబట్టి అక్కడ నిప్పు భయం ఎక్కువట. మంటలార్పే పని ఆయనకు అక్కడే అలవాటైంది. ఊళ్లో అందరూ ఆయనను "దఫేదార్ సాబ్" అనేవాళ్లు. నేను మాత్రం అన్నా అని పిలిచేవాణ్ణి.

నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో మా చుట్టుపక్కల వరి, చెరకు విపరీతంగా పెరిగాయి. పంట పెరిగితే గడ్డీ పెరుగుతుంది. ప్రతి వాకిట్లో గడ్డివాము, ప్రతి ఇంటి మీద గడ్డి కప్పు, ఒక చూరుకు ఆనుకుని ఇంకొక చూరు. పడమటి గాలి మొదలైతే పొయ్యిలోంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు. నిప్పు అన్న కేక వినబడితే మా వాళ్లు చేసే మొదటి పని ఒకటుండేది. ఎవరి ఇంటి సామాను వాళ్లు ఎడ్లబండికెత్తేవాళ్లు. ధాన్యం బస్తాలు, మంచాలు, ఇత్తడి బిందెలు, వాటి మీద ముసలమ్మలు. బండ్లన్నీ ఒకేసారి వీధిలోకి వచ్చి ఒకదాని చక్రం ఇంకొకదానిలో ఇరుక్కునేవి. నీళ్లు మోసే దారి మూసుకుపోయేది. సాయన్న తిరిగి వచ్చిన ఏడు ఒక వీధి సగం అలాగే కాలిపోయింది. నిప్పు కన్నా బండ్లే ఎక్కువ ఇళ్లను కాల్చాయని ఆయన తరువాత ఎన్నోసార్లు అనేవాడు.

ఆ వీధి కాలిన మర్నాడు సాయంత్రం ఆయన మా గ్రంథాలయానికి వచ్చాడు. పగలు నేను ఒక బట్టల దుకాణంలో గుడ్డలు కొలిచేవాణ్ణి. సాయంత్రం గ్రంథాలయం తలుపు తీసి దీపం పెట్టేవాణ్ణి. బడిలో నేర్చుకున్నది నాలుగు తరగతుల ఉర్దూ. తెలుగు అక్షరాలు నాకు నేనే, ఆ గదిలో, చిరిగిన పత్రికల మీద వేలు పెట్టి కూడబలుక్కుని నేర్చుకున్నాను. అక్కడున్న ఒకే ఒక్క అల్మారాలో నేను చదవని పుస్తకం లేదని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. ఊళ్లో నన్ను "కితాబుల నర్సింలు" అని వెక్కిరించేవాళ్లు. నాకది బిరుదులా ఉండేది.

"ఏం నర్సింలూ, గీ అల్మారల నిప్పు సంగతి ఏమన్న రాసి ఉన్నదా?" అన్నాడు సాయన్న.

ఉంది. పదార్థ విజ్ఞానం మీద ఒక పాత పుస్తకంలో మంటకు గాలి ఎలా ఊపిరి పోస్తుందో, గాలి అందకపోతే అది ఎలా చస్తుందో చక్కటి తెలుగులో రాసి ఉంది. నేను చదువుతుంటే ఆయన నేల మీద కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. తడి గోనె సంచి ఎందుకు పనిచేస్తుందో చెప్పిన చోట కళ్లు తెరిచి తొడ చరిచాడు.

"అరె! ఇన్నేండ్లు జేసిన గానీ ఎందుకు జేస్తున్ననో తెల్వకపాయె. ఇగ జూడు, నువ్వు చెప్పాలె, నేను జేపియ్యాలె. మనిద్దరం కలిస్తె ఒక ఫైర్ దళం అయితది."

అలా మొదలైంది. అప్పట్లో నలుగురు ఒకచోట చేరాలన్నా సర్కారు అనుమతి కావాలి. మేమిద్దరం కచేరీకి వెళ్లాం. అక్కడి పెద్ద అధికారి మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "మీది నిప్పు ఆర్పే సంఘమా, నిప్పు పెట్టే సంఘమా?" అన్నాడు. సాయన్న నవ్వకుండా సలాం కొట్టి, "హుజూర్, కచేరీ దఫ్తరం మీద గూడ గడ్డి కప్పే ఉన్నది. దినాం పొద్దుగాల దాన్ని జూసి జెప్పుండ్రి" అన్నాడు. అనుమతి ఆ వారంలోనే వచ్చింది.

నీళ్ల వరుస కోసం ఇళ్లల్లోని బిందెలు తెమ్మంటే ఎవరి బిందె ఎవరు ముట్టాలన్న పేచీ వచ్చింది. సాయన్న వాదించలేదు. దుకాణాల్లో ఖాళీ అయిన గ్యాసునూనె, అంటే కిరోసిన్, డబ్బాలు పోగుచేసి, కట్టె పిడులు కొట్టించి, ఎర్ర రంగు పూయించాడు. "గిది ఎవ్వరింటిది గాదు. దీనికి కులం లేదు. పట్టుకోని పక్కోనికియ్యి" అన్నాడు. వేసవి పగటిపూట మగవాళ్లు చేలల్లో, కాలువల మీద ఉంటారు కాబట్టి వరుసలో నిలబడవలసింది ఆడవాళ్లేనని కూడా ఆయనే తేల్చాడు. మొదట మూతులు తిప్పారు. తరువాత వాళ్లే మమ్మల్ని మించిపోయారు. పొడుగాటి వెదుళ్లకు ఇనుప కొండీలు బిగించి ఇళ్ల కప్పులు లాగే జట్టు ఒకటి తయారైంది. కేక వినబడితే బండి కట్టినవాడికి ఊరి ముందు చీవాట్లు తప్పవు. ఈ పద్ధతులన్నీ ఊరు ఒప్పుకుంది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఇది. మంట ఒక ఇంటికి అంటుకుంటే గాలివాలున దాని తరువాత ఉన్న ఇంటి కప్పును, అది ఇంకా అంటుకోకముందే, లాగి పడెయ్యాలి. మధ్యలో ఖాళీ పడితే మంట అక్కడ ఆగుతుంది. కూల్చిన కప్పును ఊరంతా కలిసి మళ్లీ కప్పివ్వాలి, ఇంటికొక గడ్డి మోపు చొప్పున.

"నా కొంపకు నిప్పు అంటకముందే నువ్వు కూలగొడ్తవా? నిప్పు నయం గద!" అని ఒక రైతు లేచాడు.

"నిప్పు నీకు మల్ల కప్పియ్యదు గద బావా, మేం కప్పిస్తం" అన్నాడు సాయన్న.

అందరూ నవ్వారు గాని ఎవరి ముఖంలోనూ నమ్మకం లేదు. ఎవరి ఇల్లు కూలుతుంది, ఎవరిది మిగులుతుంది అన్నది ఎవరు నిర్ణయిస్తారు? పెద్దవాళ్ల ఇంటి దగ్గర కొండీ ఆగిపోదా? ఆ అనుమానం ఎవరూ పైకి అనలేదు, కాని అందరికీ ఉంది. కొండీల జట్టుకు ఆజ్ఞ ఇచ్చే పని, తాను లేనప్పుడు, సాయన్న నాకు అప్పగించాడు. ఎందుకని అడిగితే, "నువ్వు ఒర్రవు. ఒర్రెటోడు జూడలేడు" అన్నాడు. అరిచేవాడికి ఎదురుగా ఉన్నది కనబడదని ఆయన లెక్క.

రెండో వేసవిలో ఆ రోజు వచ్చింది. సాయన్న కొండీలకు కొత్త మోకులు తేవడానికి పిట్లం వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం నిప్పు అని డప్పు మోగింది. నేను దుకాణంలో గజంబద్ద పడేసి పరుగెత్తాను, తరువాత ఆయన మాట గుర్తొచ్చి నడిచాను. వీధికి పడమటి కొసన ఒక మగ్గాల ఇల్లు భగభగ మండుతోంది. దాని పక్కన ఉన్న పశువుల కొట్టం చూరు పొగలు కక్కుతోంది. గాలి సూటిగా వీధి పొడుగునా వీస్తోంది. ఆడవాళ్లు అప్పటికే బావి నుంచి వరుస కట్టేశారు. ఎర్ర డబ్బాలు చేతులు మారుతున్నాయి. ఒకాయన బండికి ఎడ్లను కట్టబోతే వరుసలోంచే ఒకామె, "ఏందన్నా, పెండ్లికి పోతున్నవా?" అంది. ఆయన ఎడ్లను విప్పేశాడు.

కొట్టం తరువాత ఇల్లు దఫేదార్ సాయన్నది. దాని తరువాతది సోనీబాయి గుడిసె. సోనీబాయి తండా నుంచి వచ్చి కట్టెలు అమ్ముకుని బతికే మనిషి, ఇద్దరు చిన్న పిల్లలు. ఆ గుడిసె దాటితే వీధంతా ఒకే వరుస కప్పులు.

కొండీల జట్టు సాయన్న ఇంటి ముందు ఆగిపోయింది.

"దఫేదార్ సాబ్ ఇల్లు ఎట్ల కూలగొడ్తం? ఆయన వచ్చినంక మొఖం ఎట్ల జూపియ్యాలె?" అన్నాడు ఒకడు.

"దాన్ని ఇడిసిపెట్టు నర్సింలన్నా. దాని మీద నీళ్లు కొడ్దాం. సోనీబాయిది లాగుదాం, చిన్నది, జల్ది అయితది" అన్నాడు ఇంకొకడు.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. అది ఆయన మీది గౌరవమే. సోనీబాయి పిల్లలిద్దరినీ పట్టుకుని గుమ్మం బయట నిలబడింది. మా మాటలన్నీ వింటోంది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం చూశాక నాకు అర్థమైంది, ఇలా జరుగుతుందని ఆమె మొదటి నుంచీ అనుకునే ఉందని. సాయన్న ఇంటి కప్పు పెద్దది. అది అంటుకుంటే ఆ మంట చిన్న గుడిసె ఖాళీని సులువుగా దూకుతుంది. ఆ లెక్క నాకు తెలుసు, జట్టుకూ తెలుసు. అయినా ఎవరూ కొండీ ఎత్తలేదు.

గుమ్మంలో సాయన్న తల్లి పోశవ్వ కూర్చుని ఉంది. నేను దగ్గరకు వెళ్లాను.

"అవ్వా, లేవు. కప్పు తియ్యాలె."

"నా మొగడు ఎత్తిన ఇల్లు రా ఇది! నీ చేతులు పడిపోను!" అంది. కొట్టం చూరు ఫట్‌మని పేలింది. ఆమె అటు చూసి, మళ్లీ నన్ను చూసింది. "సాయడు ఉంటె ఏం జేస్తుండె?"

"కూలగొడ్తుండె అవ్వా."

"మరి నువ్వేంది, గుంజ లెక్క నిలవడ్డవు?"

ఆమె లోపలికి వెళ్లి ఆవకాయ జాడీని బిడ్డలా చంకన పెట్టుకుని బయటకు వచ్చింది. నేను ఒక వెదురు అందుకుని కొండీని వాసానికి తగిలించి, "లాగుండ్రి!" అన్నాను. అందరూ నా వెనక పట్టారు. కప్పు ఒక్క పెట్టున వంగి, దుమ్ము లేచి, వాకిట్లోకి కుప్పకూలింది. గడ్డిని ఈడ్చి దూరంగా పడేశాం, మొండిగోడల మీద నీళ్లు కొట్టాం. కొట్టం అంతా మండి, నాలుకలు చాచి, ఆ ఖాళీ దగ్గర ఆగిపోయింది. ఎగిరిన రవ్వలను ఆడవాళ్లు తడి గోనెలతో అదిమేశారు. సోనీబాయి గుడిసె మీద ఒక్క గడ్డిపోచ కాలలేదు. వీధి మిగిలింది.

పొద్దు వాలుతుండగా సాయన్న మోకులు భుజాన వేసుకుని వచ్చాడు. కప్పు లేని తన ఇంటిని చూశాడు. అరుగు మీద కూర్చున్న తల్లిని చూశాడు. "ఎవ్వరికన్న దెబ్బ తాకిందా?" అన్నాడు. లేదన్నాం. "వరుస తెగిందా?" తెగలేదన్నాం. కాలిన కొట్టం దగ్గరకు వెళ్లి, అటు నుంచి తన గోడ వైపు చూసి వచ్చాడు.

"కప్పు తియ్యనీకె ఆలస్యమైంది. గోడ మసి వట్టింది. ఎందుకయ్యింది?"

నేనే జరిగింది చెప్పాను. ఆయనది వదిలి సోనీబాయిది లాగుదామనుకున్న సంగతి కూడా చెప్పాను. ఆయన మోకులను కింద పడేసి నేల మీద కూలబడ్డాడు. అంత కోపం ఆయన ముఖంలో నేను అంతకు ముందు చూడలేదు.

"అంటె ఇన్ని దినాలు నేను మీకు నేర్పింది పనా, నా పేరా?"

కాసేపటికి ఆయన లేచి నా ముందుకు వచ్చి, గుర్రపు దళంలో చేసినట్టు మడమలు కలిపి, వీధి వీధంతా చూస్తుండగా నాకు సలాం కొట్టాడు. బట్టల దుకాణంలో గుడ్డలు కొలిచేవాడికి! నా జీవితంలో నాకు దొరికిన సన్మానం అదొక్కటే. ఇంకొకటి కావాలని నాకెప్పుడూ అనిపించలేదు.

మర్నాడు ఊరు గడ్డి మోపులతో వచ్చింది. దఫేదార్ సాబ్‌కు గడ్డి ఏమిటి, పెంకులు వేయిద్దామని కొందరు పెద్దలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "రేపెప్పుడన్న సోనీబాయిది తీస్తె పెంకులు తెస్తరా? లేకుంటె నాగ్గూడ గడ్డే" అన్నాడు. సోనీబాయి తన మోపును అందరికన్నా ముందు తెచ్చి పడేసింది. పోశవ్వ మాత్రం కప్పుతున్నంతసేపూ నిచ్చెన కింద నిలబడి, "గట్ల గాదు రా, నా మొగడు ఇంతకన్న మంచిగ కప్పిండు" అని సతాయిస్తూనే ఉంది. ఆ తరువాత ఎవరి కప్పు తీయవలసి వచ్చినా ఊళ్లో ఒక్కరూ అడ్డం నిలబడలేదు. సాయన్న ముసలివాడయ్యాక ఆ దళాన్ని చాలా కాలం నేను నడిపాను. నాకు అదనంగా తెలిసిందేమీ లేదు. ఆయన కట్టిన నమ్మకం మీద నడిపాను.

మొన్న మా వీధిలో మురికికాలువ వెడల్పు చేయడానికి కుర్రాళ్లు సున్నంతో గీత గీస్తూ వచ్చారు. మా ఇంటి దాకా తిన్నగా వచ్చిన గీత మా అరుగు దగ్గర ఆగింది. గీసే పిల్లవాడు నా వైపు చూసి, "తాతా, మీ అరుగు పోతది. జెర పక్కకు జరిపి గీస్తం తీ, పెద్దమనిషివి" అన్నాడు.

పక్కకు జరిపితే గీత ఎదురింట్లో చెప్పులు కుట్టే అతని పందిరి మీదుగా పోతుంది. నేను చేతికర్ర పట్టుకుని లేచాను. అరుగు దిగి, గీత అరుగు మీదుగానే తిన్నగా పోవాలని కర్ర మొనతో చూపించాను.

"గియ్యి బిడ్డా," అన్నాను. "ఎవ్వరిదని అడుగకు."