కొట్టేసిన నలభై ఏడు సెకన్లు

మా మేనమామని ఆఫీసులో అందరూ ‘సెకన్లాయన’ అంటారు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ముప్ఫై ఏళ్ళుగా బస్‌స్టాపుల్లో నిలబడి, బస్సు తలుపు తెరుచుకున్నప్పటి నుంచి మూసుకునేదాకా ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచీలో చూసి రాసుకోవడమే ఆయన ఉద్యోగం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని నేను నవ్వితే కస్సుమనేవాడు.

“గంటకి ఎన్ని బస్సులు పోతాయో తేల్చేది రోడ్డు కాదే పిచ్చిదానా, స్టాపు! ముందున్న బస్సు కదలకపోతే వెనకాల పది బస్సులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.”

బస్సుల కోసమే విడిగా దారి వేస్తున్నారని తెలిసినప్పుడు ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంబరపడింది మా అమ్మ. ఆమెకి తుంటి విరిగి అతికింది. చేతికర్ర లేనిదే అడుగు పడదు. అయినా ఆస్పత్రి దుప్పట్లు కుట్టే చోటికి రోజూ ఒక్కతే వెళ్ళొచ్చేది. ఆ పనంటే ఆమెకి ప్రాణం.

“ఇక మెట్లెక్కే బాధ లేదట. ప్లాట్‌ఫారమూ బస్సూ ఒకే ఎత్తట!” అని ఊరంతా చెప్పుకుంది.

కొత్త దారిలో ముందుగా కట్టిన నమూనా స్టాపులో మామయ్య కొలతలు తీసిన రోజు అమ్మ అక్కడే బస్సెక్కింది. జనం తోసుకుని ఎక్కేశాక, బెంచీ మీంచి లేచి లోపలికి చేరేసరికి నలభై ఏడు సెకన్లయింది. మామయ్య రాసుకున్నాడు. మరీ ఎక్కువ వచ్చిన అంకెల్ని ‘అసాధారణం’ అని సాయంత్రం కొట్టేయడం వాళ్ళ ఆఫీసు పద్ధతి. ఉంచితే సగటు చెడిపోతుందట. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, అక్క అంకె మీద కూడా గీత లాగేసింది.

మిగిలిన అంకెలు చూసి ఇంజనీర్లు తలుపుకి ఇరవై రెండు సెకన్లు ఖాయం చేశారు. అది దాటితే దానంతటదే మూసుకుంటుంది. బస్సులు రివ్వున పోతున్నాయని పేపర్లు తెగ మెచ్చుకున్నాయి. పాత బస్సులు తీసేశారు. మొదటి వారంలో మూడు రోజులు అమ్మ ప్లాట్‌ఫారం మీంచే ఇంటికి తిరిగొచ్చింది. నాలుగో రోజు కర్ర తలుపులో ఇరుక్కుంది. నేను తోడు వెళ్ళి మాత్రం ఏం లాభం, ఆమె కాళ్ళకి వేగం రాదు కదా.

ఆదివారం మామయ్య వస్తే అమ్మ కుర్చీలోంచి గడప వైపు చూపించింది.

“ఒరేయ్, వాచీ నొక్కు. గడప దాటేసరికి ఎంతవుతుందో చెప్పు.”

“ముప్ఫై ఎనిమిది అక్కా.”

“మళ్ళీ.”

“ముప్ఫై అయిదు.”

అమ్మ మొహం వెలిగిపోయింది. “చూశావా, తగ్గుతోంది!”

మామయ్య వాచీ కింద పెట్టేశాడు. “అక్కా, ఆ రోజు నీ అంకె నా చేత్తో నేనే కొట్టేశాను. నీదొక్కటే కాదు. కర్రతో వచ్చిన ప్రతివాళ్ళదీ కొట్టేశాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “సొంత అక్కని తీసేయడానికి నీకు చేతులెలా వచ్చాయి మామయ్యా?” అని అరిచేశాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

అమ్మ వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

“ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. వాచీ నొక్కరా.”

మధ్యాహ్నం దాకా నడిచింది. ముప్ఫైకి ఒక్కటి కూడా తగ్గలేదు. సోమవారం పొద్దున్నే కుట్టుపని చోటికి ఫోన్ చేసింది.

“లేదమ్మా, ఒంట్లో బాగానే ఉంది. ఇక రాలేను, అంతే.”