ఎడమవైపు మచ్చ

ఈమధ్య దగ్గు వదలడం లేదని మా అమ్మాయి పట్టుబట్టి నన్ను ఎక్స్‌రేకి తీసుకెళ్ళింది. ఛాతీకి ఒక పలక ఆనించి నిలబెట్టారు. ఊపిరి బిగబట్టమన్నారు, వదలమన్నారు. నేను పైట సర్దుకునేలోపే పక్కనున్న కంప్యూటరులో నా పక్కటెముకలు కనిపించాయి. ఫిల్ము లేదు, దాన్ని కడగడం లేదు, ఆరబెట్టడం లేదు. ఆ పలకలో సిలికాన్ పొర ఉంటుందట, వెనకటి ట్రాన్సిస్టర్ రేడియోల జాతి సరుకేనట. మచ్చలుంటే డాక్టరు కంటే ముందు కంప్యూటరే గుర్తుపట్టేలా పరిశోధనలు జరుగుతున్నాయని కూడా మా అమ్మాయి చెప్పింది. దానికి అలాంటి వార్తలు చదవడం సరదా. గుర్తుపడితే పట్టనీ. ఆశ్చర్యపోయే ఓపిక నాకిప్పుడు లేదు.

"పసుపు కొమ్మంటే ఏమిటో ఆ కంప్యూటరుకెవరైనా చెప్పారా?" అన్నాను.

"అదేంటమ్మా, అలా అడుగుతావు?" అంది.

ఇన్నేళ్ళూ ఆ సంగతి దానికి చెప్పలేదు. మొదలుపెడితే చివరిదాకా చెప్పాలి. చెప్పలేకే ఇలా రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో మేం చోడవరంలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన చెరుకు కాటా దగ్గర గుమస్తా. చెరుకు బళ్ళు రావడం మొదలైందంటే ఆయన ఇంటికొచ్చేది తిండికే. అత్తగారు మా దగ్గరే ఉండేవారు. నాకు మొదటి కాన్పై, పాప, అంటే ఈ అమ్మాయే, ఇంకా బోర్లా పడకముందే దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. బాలింతకి చలిగాలి తగిలిందన్నారు. చెరుకు పిప్పి దుమ్మన్నారు. అత్తగారు మిరియాల కషాయం కాచి కాచి విసిగిపోయారు, నేను తాగి తాగి విసిగిపోయాను.

ఊళ్ళో ఒక ప్రైవేటు డాక్టరుగారు అప్పుడే కొత్తగా ఎక్స్‌రే మిషను తెచ్చి పెట్టారు. రోలుగుంట నుంచీ చీడికాడ నుంచీ బళ్ళు కట్టుకుని మరీ వచ్చేవారు జనం. ఫొటో తీయించుకుంటే చాలు, రోగం దిగిపోతుందనుకునే వాళ్ళు కూడా అందులో ఉండేవారు. మా ఆయన వెళ్ళి అడిగితే అక్కడి కాంపౌండరు, "రేపు పొద్దున్న తీసుకురండి బాబూ. మెడలో బంగారం ఉండకూడదు, జాకెట్టుకి పిన్నీసు కూడా ఉండకూడదు. అవన్నీ ఫొటోలో పడిపోతాయి," అని చెప్పి పంపాడట.

ఆ మాట వినగానే అత్తగారి మొహం మాడిపోయింది. కాసేపు వంటింట్లో గిన్నెల మీద కోపం చూపించి, ఏదో తట్టినట్టు ఇవతలికొచ్చారు.

"బంగారం తీసీమన్నారు గానీ మెడ బోసిగా ఉంచమన్నారేటి? తాడు మారుస్తే సరిపోద్ది," అన్నారు.

నా పుస్తెల తాడు తీసి దేవుడి మందసంలో పెట్టారు. కొత్త దారం పసుపులో ముంచి, దానికొక పసుపు కొమ్ము కట్టి నా మెడలో వేశారు. బొటనవేలంత కొమ్ము, పక్కన చిన్న బుడిపె. బంగారం లేనినాడు పసుపు కొమ్మే పుస్తె అని మా ఇళ్ళలో ఎవరికి తెలియదు?

"ఇదేటి ఇనుమా, ఇత్తడా? దుంపే గదా," అని తృప్తిగా నవ్వారు కూడా.

మిషను గదిలో కాంపౌండరు, "మెడలో బంగారం లేదు కదమ్మా?" అన్నాడు. లేదన్నాను. మగవాడు, అంతకంటే ఏం వెతుకుతాడు? నేను మాత్రం కొమ్ము అడ్డం రాకూడదని దారం వెనక్కి తిప్పి, వీపు మీద జాకెట్టు లోపలికి దోపుకున్నాను. ఫొటో స్టూడియోలో ఎదురుగా ఉన్నదే పడుతుంది, వెనకున్నది పడదు. ఇదీ అంతేననుకున్నాను. ఆ కిరణం ఒంట్లోంచి దూసుకుపోతుందనీ, ముందున్నదీ వెనకున్నదీ ఒకే ఫిల్ము మీద నీడ వేస్తాయనీ నాకెవరు చెప్పారు గనక?

సాయంత్రానికి ఫిల్ము ఆరింది. డాక్టరుగారు దాన్ని దీపానికి ఎదురుగా పెట్టి ఎడమవైపు ఒకచోట పెన్సిలుతో చూపించారు. తెల్లగా, అంచులు చెదిరినట్టున్న మచ్చ. కఫం పరీక్షలో ఏమీ రాలేదు. "మొదట్లో కఫంలో తెలీదమ్మా. క్షయే. ఇంజెక్షన్లు పడాలి. పాపకి పాలివ్వొద్దు, దగ్గర పడుకోబెట్టుకోవద్దు," అన్నారు. ఆయన కసిరి చెప్పలేదు, మెల్లగానే చెప్పారు. మెల్లగా చెప్పినంత మాత్రాన ఏం లాభం? పాలు చేపుకొచ్చి నా జాకెట్టు అక్కడే తడిసిపోయింది.

దేవరాపల్లిలో మా ఆయన అక్కగారు ఉండేవారు. ఆవిడా చంటిపిల్ల తల్లే. మర్నాడే వచ్చి, "నా గుంటకి పాలు మిగిలిపోతన్నాయి. ఇద్దరూ తాగుతారు. నువ్వు బెంగెట్టుకోకు," అని పాపను చంకనేసుకుని బస్సెక్కేశారు. మంచి మనిషి. ఆ మంచితనం మీద నాకు ఎంత ఒళ్ళు మండేదో, ఎవరితో చెప్పుకుంటాను?

తరవాత ఇంజెక్షన్లు. రోజు మార్చి రోజు నడిచి వెళ్ళడం, పొడిపించుకోవడం, కుంటుకుంటూ రావడం. ఇంట్లో నా కంచం వేరు, నా గ్లాసు వేరు, నా చాప వేరు. పాలు ఇంకిపోవడానికి రొమ్ములకి మల్లెపూలు కట్టారు. ఇంకిపోయాయి. కాలక్షేపానికని మా ఆయన ఎవరి దగ్గరో ట్రాన్సిస్టర్ తెచ్చి నా తలగడ పక్కన పెట్టారు. ఒకరోజు, "ఆ రేడియో కట్టండి, ఈల వేస్తోంది," అన్నాను. ఆయన నా మొహం వంక చూశారు. రేడియో కట్టేసే ఉంది. ఈల నా చెవిలోది. మందు వల్ల అలా కొందరికి అవుతుందనీ, మందు మానడానికి మాత్రం వీల్లేదనీ డాక్టరుగారు అన్నారు. నడుస్తుంటే కాళ్ళు తూలేవి. దగ్గు మాత్రం ఎప్పుడో తగ్గిపోయింది.

కొన్ని నెలలకి మళ్ళీ ఫొటో. అత్తగారు మళ్ళీ అంతే శ్రద్ధగా తాడు మార్చారు. దేవుడి దగ్గర దాచిన ఆ కొమ్మునే కట్టారు, మంచి జరగాలని. నేనూ మళ్ళీ వెనక్కే దోపుకున్నాను. ఈసారి మచ్చ ఎడమవైపు లేదు, కుడివైపు ఉంది.

"ఇటు మానింది గానీ అటు పాకింది," అన్నారు డాక్టరుగారు. ఇంకొన్నాళ్ళు ఇంజెక్షన్లు రాశారు.

ఏడుద్దామంటే ఏడుపు కూడా రాలేదు. అంత అలిసిపోయాను. ఇంటికొచ్చి రెండు ఫిల్ములూ ముందేసుకుని కూర్చున్నాను. నా బిడ్డను నాకు కాకుండా చేసిన మచ్చ ఎలా ఉంటుందో తీరిగ్గా చూద్దామనిపించింది. కిటికీకి ఆనించి చూశాను. రెండు మచ్చలకీ పక్కన చిన్న బుడిపె ఉంది. రెండూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. మెడలో దారం ఇంకా మార్చలేదు. కొమ్ము ముందుకి లాగి ఎడమ మచ్చ మీద పెట్టాను. సరిపోయింది, చుట్టూ కాస్త నీడ మిగిలిందంతే. కుడి మచ్చ మీద పెట్టాను. అక్కడా సరిపోయింది.

అత్తగారిని కేకేసి చూపించాను. ఆవిడ ఫిల్మునీ కొమ్మునీ చాలాసేపు మార్చి మార్చి చూసి, గోడకి చేరబడి కూర్చుండిపోయారు.

"నా సేతుల్తో నేనే కట్టేనేటే," అన్నారు.

తిట్టాలనే ఉంది. తన కొడుకు చల్లగా ఉండాలని కట్టిన తల్లిని ఏమని తిట్టను?

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. మిషను గది గుమ్మంలో అత్తగారే నా మెడలోంచి దారం తీసి గుప్పిట్లో బిగించుకున్నారు. "వేగిరం కానీయండి బాబూ," అని కాంపౌండరుని బతిమాలి, నా బోసి మెడ చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డారు. నేను ఇవతలికి రాగానే చెమటతో తడిసిన ఆ దారాన్నే మళ్ళీ కట్టారు.

ఫిల్ము శుభ్రంగా ఉంది. ఏ వైపూ ఏమీ లేదు. మా ఆయన పసుపు కొమ్ము సంగతి చెబుతుంటే డాక్టరుగారు మూడు ఫిల్ములూ వరసగా దీపం ముందు పెట్టుకుని, కొమ్ము అడిగి తీసుకుని, నేను పెట్టినట్టే పెట్టి చూశారు. తరవాత, "ఇంజెక్షన్లు ఆపెయ్యండమ్మా," అన్నారు. నాకు కోపం రావాలి. ఆ క్షణంలో ఎక్కడైనా కాస్త నడుం వాల్చాలనిపించింది, అంతే. ఈల గురించి అడిగితే, తగ్గొచ్చన్నారు. తగ్గలేదు. ఎడమ చెవి పూర్తిగానే పోయింది. మా అమ్మాయి ఇప్పటికీ నాకు కుడిపక్కనే నడుస్తుంది, ఎందుకో తెలియకుండానే.

ఆ సాయంత్రమే, పుస్తెల తాడు మళ్ళీ వేసుకుని, దేవరాపల్లి బస్సెక్కాను. దారి పొడుగునా పైట కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. మా వదిన ఎదురొచ్చి, "సూడే, మీ అమ్మొచ్చింది," అంటూ పాపను నా చేతికిచ్చారు. బరువెక్కింది. నిలబడుతోందట, రెండు పళ్ళు కూడా వచ్చాయి. నా మొహం ఒకసారి చూసి, పుస్తెలు పట్టుకుని ఒకసారి లాగి, పెదవి విరిచింది. గుండెకి హత్తుకున్నాను. ఇంకెవరూ వద్దనడానికి లేదు కదా అనుకున్నాను.

అది నా భుజం మీదుగా మా వదినవైపు రెండు చేతులూ చాచి, "అమ్మా," అని ఏడ్చింది. చెవిలో ఈల అంత గట్టిగా మోగుతున్నా ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది.