కడవ కింది ఎర్ర సీసా

“ఒక్క గుక్క తాగి చూడుమే, పండ్ల వాసన వస్తాండాది.”

“నీ వాసన తగలెయ్య! పులుసు సల్లారిపోతాండాది, తిను.”

మా ఆయనతో నా చివరి మాటలివే. ఆ మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు.

బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే మనిషికి, రాళ్లు కొనడానికొచ్చిన ఫ్రాన్సు దొర తన దేశపు తేలికపాటి ఎర్ర వైను అలవాటు చేశాడు. ఏటా ఒక సీసా పంపేవాడు. ఈయన దాన్ని నీళ్ల కడవ కింది తడి ఇసుకలో చల్లబెట్టి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేవాడు. ఎంత విసుగో! పులిసిపోయిందనుకుని ఒకసారి నేను బెల్లం కలిపితే రెండు రోజులు పలకలేదు.

ఆయన పోయింది తెలియక దొర ఈ ఏడూ పంపాడు. నిన్న తాగి చూశాను. బాగుంది. ఆ ముక్క ఆయన ఉండగా చెప్పలేకపోయాను.

“కోడలా, నేను చెప్పిందంతా రాసినావు కదా, పటం ముందర నిలబడి చదువు. బాగుండాదన్న కాడ గట్టిగా చదువమ్మా, మీ మామకు సరిగా వినపడదు.”