చల్లటి ఇనుము

మా ఆయన కమ్మరి. కొలిమి వెలిగించడానికి ఏనాడూ అగ్గిపుల్ల గీయలేదు. చిటికెనవేలి లావు కూడా లేని ఇనపచువ్వను దాగలి మీద పెట్టి, తిప్పుతూ తిప్పుతూ సుత్తితో గబగబా కొట్టేవారు. మంట సోకని ఆ చువ్వ కొస కాసేపటికి ఎర్రబడేది. దాన్ని దూదికి ఆనించి ఊదితే నిప్పు రాజుకునేది.

కాపురానికి వచ్చిన కొత్తలో అదేదో గారడీ అనుకున్నాను.

"గారడీ ఏంటే. పొద్దున నువ్వు పెట్టిన ముద్ద నా చేతిలోకొచ్చింది, చేతిలోంచి దీన్లోకెళ్లింది," అన్నారు.

"మరి దీన్లోంచి మళ్లీ మీ చేతిలోకి రాదా?"

"వస్తే ఇంకేం, నీకు వంట తప్పేది."

పోయినేడు ఆయనకు గుండెజబ్బు చేసింది. డాక్టరు సుత్తి ఎత్తొద్దన్నాడు. "ఎత్తొద్దన్నాడు గానీ దించొద్దనలేదుగా," అన్నారు ఇంటికి వస్తూ. నాకు నవ్వు రాలేదు. కొలిమి తను చూసుకుంటానని మా మరిది అంటే ఒప్పుకోలేదు. "నా చేత్తో నిప్పు పుట్టనినాడు తాళంచెవి నేనే నీకిస్తాను. అందాకా ఊరుకో," అన్నారు.

మంచం దిగిన కొన్నాళ్లకే కొలిమి కొట్టుకు వెళ్లారు. మనసాగక నేనూ, మరిదీ వెంట వెళ్లాం. మొదట్లో దెబ్బలు బాగానే పడ్డాయి. తర్వాత దెబ్బకీ దెబ్బకీ నడుమ ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ఎక్కిన కాస్త వేడీ ఆ సందులోనే చల్లారిపోయేది. మళ్లీ కొడితే మళ్లీ మొదటికే. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చువ్వ కొస రేకులా పలచబడి చీలింది గాని రంగు మారలేదు.

"అన్నయ్యా, ఒక్క పుల్ల గీస్తాను. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు మరిది మెల్లగా.

"కొలిమి చూస్తుందిరా."

ఇంకో చువ్వ తీశారు. అదీ అంతే అయింది. దాన్ని నా వైపు చాపారు.

"పట్టుకు చూడు. కాలుతోందా?"

పట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది. కాలుతోందంటే ఇంకాసేపు కొడతారు, ఆ గుండె తట్టుకోదు. కాలడం లేదంటే ఆయనకు కొలిమి లేకుండా పోతుంది.

"చెప్పవే."

"లేదండీ," అన్నాను.

నా మాట ఆయన ఎప్పుడూ కాదనలేదు. సుత్తి కింద పెట్టి, తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచారు.

అప్పట్నుంచి రోజంతా గోడకు ఆనుకుని అరచేతులు రుద్దుకుంటూ కూర్చునేవారు. చలిగా ఉందా అని అడిగితే ఇంకా గట్టిగా రుద్దుకునేవారు. బయట ఎండ మండిపోతుండేది. నేనూ పక్కన కూర్చుని ఆ చేతులు అందుకుని రుద్దేదాన్ని. రుద్దినంతసేపే వెచ్చన. వదిలితే మళ్లీ మామూలే.

ఆయన పోయిన పూట కూడా రుద్దుతూనే ఉన్నాను. "వదినా, ఇంక వదిలెయ్," అంటూ మరిదే నా వేళ్లు ఒక్కొక్కటిగా విడదీశాడు.