చెప్పులు లెక్కపెట్టిన శుక్రవారం

ఖతర్ దేశం అల్ రయ్యాన్‌లో మేము పనిచేసే ఇంట్లో రామసుబ్బమ్మక్కది వంటిల్లు, నాది కారు. ఆమెది రాయచోటి దగ్గర పల్లె, పద్నాలుగేళ్ళుగా అదే పొయ్యి ముందు ఉంది. ఆ ఇంటి ముసలామె అరబ్బీలో అరిస్తే అక్క తెలుగులోనే జవాబు చెప్తుంది. ముసలామె అర్థమైనట్టే ఊరుకుంటుంది. రసూల్ అనే నన్నయితే అక్క రోజుకు పదిసార్లు తిడుతుంది, తిట్టాక పిలిచి అన్నం పెడుతుంది.

పోయిన డిసెంబర్లో ఒక శుక్రవారం, ఎడారిలో గుహ చూపిస్తానని ఏసోబు అందరినీ బయల్దేరదీశాడు. ఏసోబుది రాజోలు, మా వీధిలోనే ఇంకో ఇంట్లో డ్రైవరు. అడిగి తెచ్చుకున్న రెండు కార్లు, ఏడుగురం మనుషులం. ఒక కారు అతను, ఒకటి నేను నడిపాం. ఇన్నేళ్ళలో అక్క వంటిల్లు, ఆసుపత్రి, ఎయిర్‌పోర్టు తప్ప ఖతర్లో ఏమీ చూడలేదు. ఏడింటికల్లా రాత్రి వంటకు తిరిగి తెస్తానని ఇంటి యజమానురాలు మేడమ్‌కు మాటిచ్చి మరీ తీసుకెళ్ళాను.

చదునైన రాళ్ళ నేలలో ఉన్నట్టుండి పెద్ద గొయ్యి. లోపలికి బండలు ఏటవాలుగా దిగి చీకట్లో కలిసిపోయాయి. నాకు చిన్నప్పట్నుంచీ చీకటంటే హడల్. అంచు నుంచి రెండడుగులు వెనక్కి వేశాను. అక్క మాత్రం చెప్పులు విడిచింది.

“అదేందక్కా, రాళ్ళు గుచ్చుకుంటాయి,” అన్నాను.

“యాగంటిలో గుహలోకి చెప్పులేసుకోని పోతామా? దేవుడు యాడుంటాడో మనకేం తెలుసురా?”

ఆమెను చూసి మిగతావాళ్ళూ విడిచారు. ఏసోబు నవ్వుతూనే విడిచాడు. దొరికిందే సందని, చెప్పులకు కాపలా నేనుంటానన్నాను. ఆరు జతల పక్కన పెద్ద బాధ్యత మోస్తున్నవాడిలా కూర్చున్నాను.

లేబర్ క్యాంపుల్లో బతికినవాళ్ళకు ఒక అలవాటుంటుంది. గదిలో ఎవరున్నారో తలుపు తీసి చూడం, బయట చెప్పులు చూస్తే సరిపోతుంది. ఈ ఇంటికి రాకముందు నేను మూడేళ్ళు క్యాంపులో ఉన్నవాణ్ణే. ఆ అలవాటే కొంప ముంచింది. మధ్యాహ్నం అసర్ నమాజుకని కాస్త దూరంగా వెళ్ళొచ్చేసరికి అందరూ కార్లెక్కుతున్నారు. గుహ ముందు ఒక్క జత కూడా లేదు. లోపల ఎవరూ లేరన్నమాటే. అక్క నా కారులో కనిపించకపోతే ఏసోబు కారులో ఉందనుకున్నాను. ఏసోబేమో నా కారులో ఉందనుకున్నాడు.

అరగంట తర్వాత చాయ్ కోసం పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. అక్కకు చాయ్ ఇవ్వడానికి ఏసోబు కారు దగ్గరికెళ్తే, అందులో అక్క లేదు.

ఏసోబు తెల్లబోయాడు. “అదేంటి, ఆవిడ నీ బండెక్కలేదా?”

ఆమెకు ఫోన్ చేశాను. నా కారు వెనక సీటు కింద, ఆమె సంచిలో మోగింది. మాతో వచ్చిన కాకినాడ సుభాషిణి అక్కడే ఏడుపందుకుంది. అక్క వెనకే వస్తోందనుకుని, ఆమె చెప్పులు గాలికి గోతిలో పడతాయేమోనని సుభాషిణే తీసి డిక్కీలో పెట్టిందట.

వెనక్కి ఎలా నడిపానో నాకే తెలియదు. ఏసోబు కారు వెనకబడింది. పొద్దు వాలుతోంది. పడిపోయి తల పగిలిందేమో, పాము కరిచిందేమో. ఆమెకేమైనా అయితే చంపింది నేనే. మనిషిని చూడకుండా చెప్పులు చూసుకున్న వెధవని.

అంచున నిలబడి “అక్కా!” అని అరిచాను. నా గొంతే నాకు తిరిగి వినిపించింది. నిజం చెప్తున్నాను, ఏసోబు వచ్చేదాకా ఆగుదామనే అనిపించింది. మళ్ళీ అరిచాను. అడుగున ఎక్కడో సన్నగా మూలుగు.

ఫోన్ లైటు వేసుకుని, కలిమా చదువుకుంటూ, కూర్చుని బండ మీంచి బండకు జారుతూ దిగాను. ఏదో పక్షి రెక్కలు కొట్టుకుంటూ చెవి పక్కగా పోతే కెవ్వుమన్నాను. వెనక్కి చూస్తే పైనున్న వెలుతురు పళ్ళెమంత కనిపించింది. ఆ తర్వాత వెనక్కి చూడలేదు.

ఒక పెద్ద బండ వెనక కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. దండం పెట్టుకుందామని ఆగిందట, లేవబోయి జారితే చీలమండ బెణికింది. అరిచి అరిచి గొంతు పోయింది. లైటుకు కళ్ళు చిట్లించి, “టైమెంతయింది? మేడమ్ కోప్పడతాందా?” అంది.

“ఇంకా నాలుగన్నా కాలేదక్కా.”

“రాత్రికి వంట లేకపోతే ఎట్లైనా వెతికిస్తారులే అని ఏడింటి కోసం చూస్తా ఉండా. మరి అప్పుడే ఎందుకు పంపించింది నిన్ను?”

“ఎవరూ పంపలేదు. ఆమెకసలు తెలీనే తెలీదు. నువ్వు కనపడలేదని వచ్చినా.”

అక్క నా మొహంలోకి అలాగే చూసింది. తిడుతుందనుకున్నాను. నా చొక్కా గట్టిగా పట్టుకుని ఏడ్చింది.